బీటెక్ చదివి ఆయిల్ టెస్టులు చేసుకుంటూ కూర్చోవాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ అయ్యాక ఏడాదిగా హుజూర్‌నగర్ దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో ట్రైనీ. మెషిన్ల ఆయిల్ అనాలిసిస్ నేర్చుకుంటానంటున్నాడు. మేమేమో అదంతా మానేసి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నాం. ఏది మంచిది?

జవాబు: సార్, ఈ ప్రశ్న నాకు చాలామంది తండ్రులు రాశారు, కోర్సు పేరే మారుతుంది. మీ టెన్షన్ జీతం గురించే కాదు. మీవాడేం చేస్తున్నాడని బంధువులు అడిగితే గేర్‌బాక్స్ ఆయిల్ చూస్తాడని చెప్పడానికి మీకు నామోషీగా ఉంది. దానికోసం అతని ఇష్టాన్ని తొక్కేయకండి.

ఆ పనిలో ఎంత చదువుందో వినండి. సుమారు 160 డిగ్రీల వేడి పలక మీద ఒక్క చుక్క ఆయిల్ వేస్తారు, చిటపటలాడితే నీళ్లు చేరినట్టే. ల్యాబ్ రిపోర్టులో ఇనుము, సిలికాన్ కలిసి పెరుగుతున్నాయంటే దుమ్ము లోపలికి పోయి గేర్ల పళ్లను అరగదీస్తోందేమోనని బ్రీదర్ (గేర్‌బాక్స్‌లోకి గాలి వచ్చిపోయే మూత) చూడాలి. అయితే సిలికాన్ సీలెంట్ వల్లా రావచ్చు, ఆయిల్‌లో నురుగు రాకుండా కలిపే మందు వల్లా రావచ్చు, అందుకే కొత్త ఆయిల్ రిపోర్టు పక్కన పెట్టుకుని చదవాలి. ఇంకోటి, సుమారు 10 మైక్రాన్లు దాటిన లోహపు రజను, ఆయిల్‌లో ఏ లోహం ఎంతుందో కొలిచే మామూలు స్పెక్ట్రోమీటర్‌కి సరిగా చిక్కదు, అంకెలన్నీ బాగున్నా బేరింగ్ పోవచ్చు. అక్కడ ఫెర్రోగ్రఫీ కావాలి, అంటే ఆ రజనును అయస్కాంతంతో వేరుచేసి మైక్రోస్కోప్ కింద చూడటం.

డేటా సైన్స్ చెడ్డదని నేననను. కానీ నాలుగు నెలల కోర్సు చేసి, ఉన్న ఏడాది అనుభవం వదులుకుని, మళ్లీ ఫ్రెషర్‌గా క్యూలో నిలబడటం నాకు నచ్చదు. మెషిన్ ఎప్పుడు చెడుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, నిజమే. మెషిన్ ఆపేశాక డ్రెయిన్ ప్లగ్ విప్పి అడుగు మడ్డి సీసాలో పట్టి పంపితే ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చెబుతుంది? మెషిన్ నడుస్తూ, ఆయిల్ వేడిగా ఉండగా, ఫిల్టర్‌కి ముందు, ప్రతిసారీ అదే చోట పట్టాలి.

ఒక్క ఆయిల్ అనాలిసిస్‌నే నమ్ముకుంటే మాత్రం ఉద్యోగాలు తక్కువ, మెషిన్ అదురును కొలిచి లోపం పట్టే వైబ్రేషన్ అనాలిసిస్ కూడా నేర్చుకోమనండి. మెషిన్ లూబ్రికేషన్ సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎంఎల్ వాళ్ల ఎంఎల్‌ఏ-1 (మెషిన్ లూబ్రికెంట్ అనలిస్ట్, మొదటి లెవెల్) పరీక్ష సంగతి అతనికి తెలిసే ఉంటుంది. దానికి డబ్బు కట్టేముందు ఒకే గేర్‌బాక్స్ నుంచి ఆరు నెలలు, నెలకో శాంపిల్ తీసి, మెషిన్ ఎన్ని గంటలు నడిచిందో, రిపోర్టులో ఏం వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. పండక్కి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చుని ఆ నోట్‌బుక్ చూపించమని అడగండి, కోర్సుల మాట ఆ తర్వాత ఎత్తండి.