గోప్యత వేరు, దాపరికం వేరు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఆర్కిటెక్చర్ చివరి ఏడాది చదువుతున్నాను. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు తల దించుకోకుండా వచ్చి వెళ్లే స్నానశాలను థీసిస్‌గా తీసుకున్నాను. ఆవిరి గది, వేడి నీళ్ల కొలను, చల్లటి కొలను, కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు ఉంటాయి. 'గుమ్మం వెనక సందులోకి పెట్టు, కిటికీలే వద్దు, గొడవ ఉండదు' అంటున్నారు మా గైడ్. స్నేహితులేమో 'దాచేదేముంది, అంతా గాజు గోడలు పెట్టు' అంటున్నారు. జ్యూరీ, అంటే థీసిస్‌ని పరీక్షకుల ముందు పెట్టే రోజు, దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. మీ గైడ్ చెప్పిన పని నేనొకసారి చేశాను. ఇరవై ఏళ్ల కిందట సుఖవ్యాధుల పరీక్షలు చేసే చిన్న క్లినిక్‌కి ప్లాను గీశాను. గుమ్మం వెనకవైపే ఉండాలని యజమాని పట్టుబట్టారు. వచ్చేవాళ్ల మంచికే అనుకుని నేనూ ఒప్పుకున్నాను. తెరిచాక ఒక సాయంత్రం చూడటానికి వెళ్లాను. ఒక కుర్రాడు సందు మొదట్లో మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. ఆ సందులో ఇంకో గుమ్మం లేదు. అటు తిరిగిన మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. దాచడానికని నేను పెట్టిన గుమ్మమే వాళ్లని పట్టిచ్చేది. ఆ ప్లాను మీద నా సంతకం ఉంది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి గుమ్మాన్ని రోడ్డువైపే, వెలుతురులో పెట్టండి. అదే గుమ్మం నుంచి చదువుకునే గదికీ, క్షౌరశాలకీ కూడా దారి ఇవ్వండి. ఎవరు ఎందుకు వచ్చారన్నది అప్పుడు బయటివాళ్లు అడగాల్సిన ప్రశ్నే కాదు. లోపలికి రాగానే దారిని ఒక గోడ చుట్టూ తిప్పండి. పాత హమ్మాముల్లో, అంటే ముస్లిం ప్రపంచపు ఆవిరి స్నానశాలల్లో, చాలావాటికి ప్రవేశం ఇలా వంపు తిరిగే ఉంటుంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా రోడ్డు మీద చూపు ఆ గోడ దగ్గరే ఆగిపోతుంది.

గాజు గోడల సంగతి. మీ స్నేహితుల ధైర్యం నాకు నచ్చింది. కానీ ఇంట్లో ఇంకా చెప్పుకోని మనిషి తరఫున ఆ ధైర్యం చేసే హక్కు మనకి లేదు. 1981 ఫిబ్రవరి 5 రాత్రి కెనడాలోని టొరంటోలో పోలీసులు గే పురుషులు వెళ్లే నాలుగు స్నానశాలల మీద పడి, తలుపులు పగలగొట్టి, దాదాపు 300 మందిని అరెస్టు చేశారు. ఆ నగర పోలీసు అధిపతి క్షమాపణ లాంటి మాట చెప్పడానికి 2016 దాకా పట్టింది. 1984లో ఎయిడ్స్ భయంతో శాన్ ఫ్రాన్సిస్కో ఇలాంటి చోట్లని మూయించబోతే, తెరిచి ఉంచొచ్చు గానీ గదులకి తలుపులు ఉండకూడదని కోర్టు అంది. తలుపు తీసేస్తే మనుషులు బాగుపడతారన్న ఆ ఆలోచన నేను ఒప్పుకోను. పరీక్షల గది, సలహా చెప్పే మనిషి, కండోమ్‌లు కబుర్ల చోటు పక్కనే ఉంటే చాలు. అక్కడికి వెళ్లడం ఎవరికీ వింతగా కనిపించదు.

వెలుతురుకి గోడలెందుకు, పైకప్పు ఉందిగా! స్పెయిన్‌లో గ్రనడాలోని 11వ శతాబ్దపు ఎల్ బాన్యుయెలో స్నానశాల గుమ్మటాలకి నక్షత్రాల ఆకారంలో రంధ్రాలుంటాయి. ఎండ లోపలికి దిగుతుంది, బయటి కన్ను దిగదు. ఆర్కిటెక్ట్ పీటర్ జుమ్‌తోర్ 1996లో స్విట్జర్లాండ్‌లోని వాల్స్‌లో కట్టిన స్నానశాలలో పైకప్పు పలకల మధ్య సన్నని చీలికల్లోంచి వెలుగు రాతి గోడల మీదికి జారుతుంది. ఈ రెండింటి సెక్షన్లూ, అంటే కట్టడాన్ని నిలువుగా కోస్తే కనిపించే బొమ్మలు, మీ చేత్తో ఒకసారి గీసి చూడండి.

బట్టలు మార్చుకునే చోట ఆడ, మగ అని రెండు బోర్డులు పెట్టకండి. ట్రాన్స్ వ్యక్తికి అవమానం మొదలయ్యేది అక్కడే. నేల నుంచి కప్పు దాకా గోడలున్న ఒంటరి గదులు అందరికీ ఒకే వరసలో ఇవ్వండి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే బయటి నుంచి తెరవగలిగే గడియ ఉండాలి. వీల్‌చెయిర్ తిరిగే వెడల్పు కొన్నిటికైనా ఉండాలి. నీళ్ల ట్యాంకులో వేడి 60 డిగ్రీలకి తగ్గకుండా, కుళాయి దగ్గర చల్లనీళ్లు కలిసేలా చూసుకోండి. లేకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

కిటికీలు తీసెయ్యమన్న మాట దగ్గర మాత్రం అస్సలు తగ్గకండి. 1977 మే 25న న్యూయార్క్‌లో గే పురుషులు వెళ్లే ఎవరార్డ్ స్నానశాల కాలిపోయి తొమ్మిది మంది చనిపోయారు. శవాల్లో ఎక్కువ వాటిని గుర్తుపట్టింది ఇంటివాళ్లు కాదు, స్నేహితులు. ఒకదానికొకటి దూరంగా రెండు మెట్ల దారులు, పొగ పోయే కిటికీలు, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపులు ఎర్ర పెన్నుతో గీయండి.

జ్యూరీలో మొదటి షీటు ప్లాను కాకుండా సెక్షన్ పెట్టండి. రోడ్డు మీద నిలబడ్డ ఒక మనిషిని గీసి, అతని చూపు ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో గీత లాగి చూపించండి. మీ గైడ్ గారికీ, స్నేహితులకీ ఆ గీతే జవాబు చెబుతుంది.