ప్రయాణాల ప్రశ్నలు: అత్తగారిని డిస్నీ బఫేకి తీసుకెళ్లాలా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. అత్తగారు, మామగారు ఒంగోలు దగ్గర ఊరి నుంచి వచ్చారు. అత్తగారు పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మామగారు కోడి, చేప తింటారు గానీ బీఫ్ ఉందంటే ఆ చుట్టుపక్కలకే వెళ్లరు. పోయినసారి వాళ్లు వచ్చినప్పుడు ఒక థీమ్ పార్క్ రిసార్ట్‌లో బఫేకి తీసుకెళ్లాం. అత్తగారికి సూప్ నచ్చి రెండోసారి పోసుకుంటుంటే, అది చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్లతో చేసిందని అక్కడి అమ్మాయి చెప్పింది. ఆవిడ గిన్నె అక్కడే పెట్టేసి వచ్చి, ఆ పూటంతా పుచ్చకాయ ముక్కలతో గడిపేశారు. తీరా బిల్లు చూస్తే ఆవిడకీ అందరితో సమానంగా వేశారు! ఇప్పుడు డిసెంబర్‌లో ఓర్లాండో డిస్నీకి వెళ్తున్నాం. పిల్లలు మిక్కీ బఫే కావాలని ఒకటే గొడవ, మావారేమో జిరాఫీలు కనిపించే హోటల్లో ఆఫ్రికన్ బఫే బాగుంటుందట అంటున్నారు. నాకు ఇప్పటినుంచే టెన్షన్. ఏది బుక్ చేయమంటారు?

జవాబు: రెండూ చేయొచ్చు, అత్తగారిని మాత్రం రెండింటిలో దేనికీ తీసుకెళ్లకండి. కోపం తెచ్చుకోకుండా కాస్త చదవండి.

డిస్నీ బఫేల్లో డబ్బు తలకింత చొప్పున. 3 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం, 3 నుంచి 9 వరకు పిల్లల ధర, 10 వచ్చాయంటే పెద్దవాళ్ల ధర. మామూలు రెస్టారెంట్‌లో అయితే తిననివాళ్లు ఒక మజ్జిగో టీయో చెప్పుకుని కూర్చుంటారు, ఇక్కడ ఆ వీలు లేదు. రాత్రి బఫే అయితే పెద్దవాళ్లకి తలకి 50 డాలర్లు దాటుతుంది, దాని మీద పన్ను, టిప్ వేరే. అంత పెట్టి అత్తగారిని పుచ్చకాయ ముక్కల ముందు కూర్చోబెడితే ఆవిడకి ఆకలి, మీకు బాధ, మామగారేమో మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకుంటూ ఉంటారు. కుటుంబం అన్నాక అందరూ ఒకే టేబుల్ దగ్గర ఉండాలన్న పట్టుదల మనకి బాగా ఎక్కువ. దాన్ని ఒక్క పూట పక్కన పెడితే ఈ ట్రిప్ చాలా తేలికైపోతుంది.

ముందు పిల్లల సంగతి. వాళ్లు అడిగేది కాంటెంపరరీ రిసార్ట్‌లో ఉన్న షెఫ్ మిక్కీస్ అనుకుంటాను. మిక్కీ, మిన్నీ, గూఫీ, డోనాల్డ్, ప్లూటో టేబుళ్ల దగ్గరికే వచ్చి పలకరిస్తాయి. అది హోటల్లో ఉంది కాబట్టి పార్క్ టికెట్ అక్కర్లేదు, మ్యాజిక్ కింగ్‌డమ్ అనే డిస్నీ పార్క్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. తిండి కోసం అయితే నేను అక్కడికి పొమ్మనను. అక్కడ మీరు కొనేది మిక్కీతో ఫొటోని, దానికి పొద్దుటి టిఫిన్ చాలు, రాత్రి కంటే ధర కూడా తక్కువ. పిల్లల్ని తీసుకుని మీ ఇద్దరిలో ఒకరు వెళ్లండి. రెండోవాళ్లు అత్తమామలతో ఆ హోటల్లోనే ఉండండి. అక్కడ మోనోరైలు బిల్డింగ్ మధ్యలోంచి, తలల మీదుగా వెళ్తుంది, అది ఎక్కడానికి డబ్బేం తీసుకోరు. హాలు మధ్యలో మేరీ బ్లేర్ అనే చిత్రకారిణి వేసిన 90 అడుగుల టైల్స్ బొమ్మ ఒకటి ఉంది, అందులో ఒక మేకకి ఐదు కాళ్లు! అది ఎక్కడుందో వెతకమని అత్తగారికి చెప్పండి, పిల్లలు బయటికొచ్చేలోపు కనిపెట్టేస్తారు.

ఇక మీవారు చెప్పేది బోమా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని 2001లో తెరిచిన హోటల్, అందులో జాంబో హౌస్ అనే భాగంలో కింది అంతస్తులో ఉంటుంది. డిస్నీ బఫేల్లో వంట మీద నిజంగా శ్రద్ధ పెట్టినవాటిలో అదొకటి, మసాలా తెలిసిన నాలుకకి నచ్చుతుంది కూడా. కాకపోతే మామగారి విషయంలో జాగ్రత్త. బొబోటీ అని ఒక దక్షిణాఫ్రికా వంటకం ఉంటుంది, పైన గుడ్డు, పాలు కలిపి పోసి ఓవెన్‌లో కాల్చిన ఖీమా అది. పైకి చూస్తే ఏదో కస్టర్డ్ అనుకుంటారు. లోపల బీఫో గొర్రె మాంసమో ఉంటుంది, ఆ రోజు ఏది పెట్టారో అడిగి తెలుసుకోండి. మాంసం కోసి ఇచ్చే కౌంటర్ దగ్గర కూడా అంతే. జీబ్రా డోమ్స్ అని చారల చారల చాక్లెట్ మిఠాయి ఒకటి ఉంది, దానికి ప్రపంచమంతా అభిమానులే. అందులో అమరులా అనే మద్యం కలుస్తుంది. పిల్లలు పరుగెత్తేది సరిగ్గా దాని మీదికే, కాబట్టి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో సంగతి, బోమాలో కూర్చుంటే జిరాఫీలు కనిపించవు. చాలామంది కనిపిస్తాయనుకుని వెళ్లి నిరాశ పడతారు. హోటల్ వెనక వైపు బయటికి వెళ్లి చూడాలి. అక్కడ నిలబడి చూడ్డానికి బఫే కొననక్కర్లేదు, చీకటి పడకముందే వెళ్తే చాలు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, ఏడింటికి టేబుల్ బుక్ చేసుకుని అప్పుడు జంతువుల్ని చూద్దామంటే ఏమీ ఉండదు. జిరాఫీలు, జీబ్రాలే కాదు, ఆంకోలే అని పెద్ద పెద్ద కొమ్ముల ఆఫ్రికా పశువులు కూడా అక్కడ మేస్తుంటాయి. ఒంగోలు గిత్తల్ని చూస్తూ పెరిగిన మామగారిని వాటి ముందు నిలబెట్టండి, జిరాఫీ వంక చూడరు.

మరి అత్తగారి భోజనం? అదే లాడ్జ్‌లో కిడానీ విలేజ్ అని పక్క భాగం ఉంది, జాంబో నుంచి నడిచి వెళ్లొచ్చు. అందులో సనా అనే రెస్టారెంట్ 2009 నుంచి ఉంది. ఆఫ్రికా వంటకి మన దేశపు రుచులు కలిపి చేస్తారు. బఫే కాదు, కావలసింది ఆర్డర్ చేసుకోవడమే, కిటికీల్లోంచే జంతువులు కనిపిస్తాయి. బ్రెడ్ సర్వీస్ అని చెప్పండి: నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా లాంటి రొట్టెలు, వాటితో చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, రైతా అంటూ 9 రకాల నంజుళ్లు తెచ్చి పెడతారు. ఇది ఇద్దరు ముగ్గురు పంచుకునే ప్లేటు. మన ఇంటి పచ్చడంత ఘాటు ఎదురుచూడొద్దు గానీ, అత్తగారు కడుపు నింపుకుని లేస్తారు. నన్నడిగితే బోమా కూడా మానేసి అందరూ ఇక్కడే తినండి అంటాను, మీవారు ఒప్పుకోకపోతే ఆయన్నీ మామగారినీ బోమాకి పంపి మీరూ అత్తగారూ సనాలో కూర్చోండి. అత్తాకోడళ్లు ఇద్దరే కూర్చుని తింటే నష్టం ఏమీ లేదులెండి.

ఎక్కడ తిన్నా సరే, అక్కడ ‘వెజిటేరియన్’ అనే మాట ఒక్కటే చాలదు, గుడ్డు, చీజ్ అన్నీ అందులో వచ్చేస్తాయి. ‘మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, చికెన్ స్టాక్ కూడా వద్దు’ అని విడివిడిగా చెప్పండి. బుక్ చేసేటప్పుడు రాయండి, కూర్చోగానే షెఫ్‌తో మాట్లాడాలని అడగండి. బఫేలో అయితే షెఫ్ వచ్చి ఏది తినొచ్చో ఏది వద్దో చూపిస్తారు, సిగ్గుపడాల్సిన పనేం లేదు, రోజూ వందమంది అడుగుతారు. మెనూల మీద పచ్చ ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ లేవని అర్థం. అత్తగారికి పాలు ఫర్వాలేదనుకోండి, అయినా ఆకు గుర్తు ఉన్నదైతే కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు.

బుకింగ్ 60 రోజుల ముందు మొదలవుతుంది, మిక్కీ టేబుళ్లు త్వరగా అయిపోతాయి, డిసెంబర్‌లో మరీను. మనసు మారితే 2 గంటల ముందు వరకు క్యాన్సిల్ చేసుకోవచ్చు, చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్లు పోతాయి. లాడ్జ్‌కి మోనోరైలు లేదు, ఒక రిసార్ట్ నుంచి ఇంకో రిసార్ట్‌కి నేరుగా బస్సూ ఉండదు, పెద్దవాళ్లతో మధ్యలో బస్సు మారడం నరకం. సొంత కారో టాక్సీయో చూసుకోండి.

ప్రశ్న: మా బాబుకి ట్రిప్‌కి ముందు వారమే 10 నిండుతాయి. చూడ్డానికి ఎనిమిదేళ్లవాడిలా ఉంటాడు. బఫేలో 9 అని చెబితే ఏమవుతుంది? పత్రాలు అడుగుతారా?

జవాబు: పత్రాలు అడగరు. మీవాడు ఊరుకుంటాడా అన్నదే ప్రశ్న. పుట్టినరోజు జరుపుకుంటున్న పిల్లలకి డిస్నీలో ఉచితంగా బ్యాడ్జీ ఇస్తారు, అది చొక్కాకి పెట్టుకుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘నాకు పదేళ్లు’ అని చెప్పుకుంటూ తిరుగుతాడు. గూఫీ ముందు ఒకటి, బిల్లు ముందు ఇంకొకటి చెప్పమంటే పాపం వాడేం చేస్తాడు? తేడా డబ్బు కట్టేయండి, లేదా బఫే కాకుండా ఆర్డర్ చేసుకునే చోటికి వెళ్లండి. అక్కడ మీవాడు తినేది ఎలాగూ మాకరోనీ చీజే.

ప్రశ్న: బఫేలో మనమే లేచి వడ్డించుకుంటాం కదా, 18 శాతం టిప్ దేనికండీ? పోయినసారి మేం రెండుసార్లు ఇచ్చామని ఇంటికొచ్చాక తెలిసింది.

జవాబు: 6గురు లేదా అంతకంటే ఎక్కువమంది కూర్చుంటే 18 శాతం బిల్లులోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ (అక్కడ టిప్‌కి ఇంకో పేరు) అన్న లైను ఉందేమో చూసుకోండి, ఉంటే కింద ఖాళీ గీత మీద మళ్లీ రాయకండి. మీరు రెండుసార్లు ఇచ్చింది ఇలాగే అయ్యుంటుంది. ఐదుగురే అయితే కలపరు, మీరే ఇవ్వాలి. దేనికంటే, ప్లేట్లు తీసేది, జ్యూసులు తెచ్చేది, షెఫ్‌ని పిలిచేది ఆ మనిషే. ఫ్లోరిడాలో టిప్ వచ్చే ఉద్యోగులకి యజమాని కనీస వేతనం కంటే గంటకి 3.02 డాలర్లు తక్కువ ఇచ్చుకోవచ్చని చట్టమే చెబుతోంది. ఆ తక్కువ పడినది పూడాల్సింది టిప్పుల్లోంచే.

ప్రశ్న: మిగిలిన బఫే తిండి పిల్లల కోసం ప్యాక్ చేసుకోవచ్చా? పులిహోర తీసుకెళ్తే లోపలికి రానిస్తారా?

జవాబు: బఫేలోంచి ప్యాకింగ్ ఉండదు. పార్కుల్లోకి మాత్రం పులిహోర, చపాతీలు, చేగోడీలు, ఏదైనా తీసుకెళ్లండి, గాజు సీసాలు, మద్యం లేకపోతే చాలు. గేటు దగ్గర సంచి తెరిచి చూడొచ్చు, డబ్బా పైనే పెట్టుకోండి. వేడి చేసి ఇవ్వమంటే ఇవ్వరు. పెరుగన్నం అయితే ఐస్ ప్యాక్ పెట్టుకోండి, విడి ఐస్ ముక్కలు ఒప్పుకోరు.