మీ నాన్న బండి చక్రం ఇనుప పట్టాతోనే శిలువ చేద్దాం

చిరంజీవి అబ్బాయికి,

నువ్వు పంపిన ఫొటోలు మా మనవడు ఫోన్‌లో పెద్దవి చేసి చూపించాడు. అమెరికాలోని నార్త్ డకోటాలో హేగ్ ఊరి శ్మశానం, ఆ ఇనుప శిలువలు చూసి చాలాసేపు నోట మాట రాలేదు. రష్యా నుంచి వలస వెళ్లిన జర్మన్ రైతుల కోసం ఊరి కమ్మరులు కొట్టిన పని. అలాంటి శ్మశానాలు కొన్నింటిని 1989లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారని రాశావు. చేర్చదగ్గవే.

మీ నాన్న సమాధికి అలాంటిది చేస్తావా తాతా అని అడిగావు. చేస్తాను. కొత్త ఇనుము మాత్రం కొనొద్దు. మీ కొట్టంలో విరిగిన బండి చక్రం పడుంది కదా, దాని చుట్టూ ఉన్న ఇనుప పట్టా చాలు. ఆ పట్టాను కాల్చి చక్రానికి ఎక్కించింది నేనే. పొగలో కళ్లు మండుతున్నా పక్కన నిలబడి బిందెలతో నీళ్లు పోసింది మీ నాన్న.

నువ్వు పది రోజులు సెలవు పెట్టి రా. సమ్మెట నువ్వే పట్టాలి. ఇనుము మోదుగుపువ్వు రంగులో ఉన్నప్పుడే దెబ్బ వెయ్యాలి. మంకెనపువ్వు ఎరుపుకు దిగిందంటే ఆగి, మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లారిన ఇనుమును కొడితే పగులుతుంది. మొదటి రోజు చేతులు బొబ్బలెక్కుతాయి, టెన్షన్ పడకు. నిలువుపట్టీ, అడ్డపట్టీ కలిసేచోట సగం సగం గాడి తీసి రివిట్లు వేద్దాం. నడిమధ్య ఆ ఫొటోలోలా చిన్న గుండె ఆకారం వంచుదాం. అది నాకు బాగా నచ్చింది.

శిలువను నేరుగా మట్టిలో పాతకూడదు. ఒకసారి నేనలాగే పాతాను. నాలుగు వానాకాలాలకే నేల దగ్గర తుప్పు తినేసింది. ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేకపోయాను. జానెడు ఎత్తున సిమెంటు దిమ్మె కట్టి, పైన నీళ్లు నిలవకుండా వాలు పెట్టాలి. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఆపైన నల్ల ఎనామెల్.

నవంబరు 2, సమాధుల పండుగకు మీవాళ్లు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారుగా. ఆ రోజే ఉప్పుకాగితంతో తుప్పు గీకి, గీకినచోట రంగు వెయ్యమని మీ తమ్ముడికి చెప్పు.

పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మీ అమ్మనడిగి కాగితం మీద రాసి పంపు, ఇంటిపేరుతో సహా. ఫోన్‌లో చెబితే నాకు సరిగా వినపడదు. ఉలితో కొట్టిన అక్షరాన్ని దిద్దలేను.

నీ కమ్మరి తాత