కాళ్లకు దారం కట్టవద్దు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాటు జాతి అసీల్ కోడిపెట్ట కింద అచ్చమైన అసీల్ జాతి గుడ్లు ఆరూ, అసీల్ పుంజుతో కట్టించిన వనరాజా అనే పెరటికోడి రకం పెట్ట పెట్టిన సంకరం గుడ్లు ఆరూ పెట్టి, ఏ పిల్లలు ఎలా పెరుగుతాయో వారం వారం తూచి రాస్తావట. నా పిచ్చి ఇంట్లో ఇంకొకరికి పట్టిందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తూకం ఉదయం మేతకు ముందే. కొక్కెర తెగులు రాకుండా పిల్లలకు 5–7 రోజుల వయసులో లసోటా టీకా చుక్కలు వేయించు. గుడ్లనూ ఇప్పుడే తూచి పెట్టుకో. అప్పుడే పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. వనరాజా గుడ్డు పెద్దది కాబట్టి మొదటి వారం తేడాను జాతికి అంటగట్టకు. పుంజు పిల్లలు ఎక్కువ తూగుతాయి. ఏది పుంజో, ఏది పెట్టో తేలాక విడివిడిగా రాయి.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నీలాగే నేనూ పోల్చి చూశాను. జాతి పిల్లల కాళ్లకు ఎర్రదారం, సంకరం పిల్లలకు పచ్చదారం. జారిపోతాయేమోనని రెండేసి ముళ్లు వేశాను. నెల రోజులకు పైగా దాణా పోశాను, అంకెలు రాశాను, కాళ్ల వంక చూడలేదు. మొదట్లో సంకరం పిల్లలు దూసుకుపోయాయి. ఐదో వారం వాటి తూకం ఆగిపోయింది. చివరికి జాతిదే గెలుపని ఊరంతా చెప్పుకున్నాను. ఒకరోజు పచ్చదారం పిల్ల ఒకటి దాణా పళ్లెం దాకా రాలేక కూలబడితే ఒళ్లోకి తీసుకున్నాను. దారం కనబడలేదు. మాంసం దానిమీద మూసుకుపోయింది. వేగంగా పెరిగినందుకే వాటి కాళ్లు ముందు బిగిశాయమ్మా. నిదానంగా పెరిగేవి కాబట్టి జాతి పిల్లల దారాలు ఇంకా వదులుగానే ఉన్నాయి. సన్న కత్తెరతో ఒక్కొక్కటీ తీశాను. రెండు పిల్లలు దక్కలేదు. ఆ పుస్తకాన్ని పొయ్యిలో వేశాను.

నువ్వు దారం ముట్టుకోకు. సంకరం పిల్లల వీపు మీద ఊదారంగు చుక్క చాలు, చెరిగినప్పుడల్లా మళ్లీ పెట్టు. ఎరుపు వద్దు, తోటి పిల్లలు పొడుస్తాయి. కాస్త ఎదిగాక ప్లాస్టిక్ రింగు వేసి, తూచిన ప్రతిసారీ వేలితో తిప్పి చూడు. తిరగకపోతే ఆ క్షణమే మార్చు. పరీక్షల వల్ల ఒక వారం తూకం తప్పితే తప్పనీ, కాళ్లు చూడటం మాత్రం మానకు.

పొదిగేసిన తేదీ రాసి పంపు. 21వ రోజుకు ముందే వస్తాను. పిల్లలు కలిసిపోతే ఏది ఏ గుడ్డుదో తెలియదు. పెంకు విడుస్తుండగానే గుర్తు పెట్టాలి, రాత్రంతా ఇద్దరం కూర్చుందాం. నువ్వు నిద్ర ఆపుకోలేవు, నాకు తెలుసు.

మీ పెద్దమ్మ