జిమ్మీ శిక్షణకు 48 వేలు: చీటీ పాడాలా, కార్డు గీకాలా?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. చేతికొచ్చే జీతం 64 వేలు. ఇంటి లోను వాయిదా 19 వేలు, లక్ష రూపాయల చీటీకి 5 వేలు కడుతున్నాం. అన్నీ పోను నెలకు 7, 8 వేలు మిగులుతాయి. అమ్మాయి ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కోసం చూస్తోంది. అబ్బాయి తొమ్మిదో తరగతి. మా ఇంట్లో జిమ్మీ అని 11 నెలల లాబ్రడార్ ఉంది. గేటు చప్పుడైతే చాలు, వచ్చినవాళ్ల మీదికి ఎగబడుతుంది. పోయిన నెల మా అత్తగారిని గుమ్మం దగ్గర పడేసింది. ఆవిడకి 72 ఏళ్లు. మోచెయ్యి గీరుకోవడంతో సరిపోయింది. ఒకసారి అన్నం గిన్నె దగ్గర అబ్బాయి మీద గుర్రుమంది కూడా. విశాఖ వైపు ఒక శిక్షణ కేంద్రం వాళ్లు రెండు నెలలు తమ దగ్గరే ఉంచుకుని అన్నీ నేర్పి పంపిస్తామంటున్నారు. 48 వేలు అడిగారు. మా ఊళ్లో ఇంటికొచ్చి నేర్పే అతను వారానికి మూడు రోజులు, నెలకు 8 వేలు అన్నాడు. మావారేమో ‘పిల్లల్ని హాస్టల్లో వేసినట్టే కదా, పంపేద్దాం’ అంటున్నారు. బ్యాంకులో 55 వేలు ఉన్నాయి గానీ కదపడం ఇష్టం లేదు. ఈ నెల చీటీ పాడితే 82 వేలు వస్తాయట. పాడమంటారా, క్రెడిట్ కార్డు మీద ఏడాది వాయిదాలు పెట్టుకోమంటారా? అక్టోబరులో అమ్మవారి పండక్కి ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. అప్పటికి జిమ్మీ కుదురుగా ఉండాలి.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, చీటీ పాడకండి, కార్డు గీకకండి. ఇప్పుడున్న పరిస్థితిలో రెండు నెలల శిక్షణకు జిమ్మీని పంపడం కూడా వద్దు. ఇంటికొచ్చి నేర్పే అతన్ని పెట్టుకోండి. అయితే దానికన్నా ముందు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన విషయం 48 వేలు కాదు, మీ అత్తగారు పడిపోవడం. ఈసారి మోచేతితో పోయింది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం, పక్కన ఎప్పుడూ ఒక మనిషి. మీవారికి ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది కాబట్టి ఆపరేషన్ ఖర్చు చాలావరకు గట్టెక్కవచ్చు. కానీ ఫిజియోథెరపీకి, ఆయాకు, తిరుగుళ్లకు అయ్యేది చేతి డబ్బే. అందుకని ముందు వెల్డింగ్ షాపు అతన్ని పిలిచి వరండాకీ హాలుకీ మధ్య ఛాతీ ఎత్తు గ్రిల్ తలుపు ఒకటి పెట్టించండి. నాలుగైదు వేలు అవుతుందనుకోండి. ఎవరైనా గేటు తీస్తే జిమ్మీ ఆ తలుపుకి లోపలే ఉండాలి. రోజంతా గొలుసుతో కట్టేయడం మాత్రం దారి కాదు. కుక్కని అలవాటుగా గొలుసుతో కట్టి తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పైగా కట్టేసిన కుక్క విప్పగానే ఇంకా ఎక్కువ ఎగబడుతుంది.

హాస్టల్‌కి పంపినా రెండు నెలల తర్వాత మీ అత్తగారు మళ్లీ అదే గుమ్మం దగ్గర నిలబడతారు. కాబట్టి ఈ గ్రిల్ ఎలాగూ కావాలి.

ఇక 48 వేల సంగతి. కేంద్రం వాళ్లు చెప్పే రేటు అక్కడితో ఆగదు. చేర్చుకునే ముందు ర్యాబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు పూర్తయ్యాయని కార్డు అడుగుతారు, అడగాలి కూడా. ఏదైనా బాకీ ఉంటే అదొక ఖర్చు. చాలా కుక్కలు ఒకచోట ఉంటాయి కాబట్టి గోమార్ల మందు, కెన్నెల్ దగ్గు టీకా మరో ఖర్చు. దాన్ని చూడ్డానికి ఆదివారం ఆదివారం వెళ్లొస్తే పెట్రోలు. ఆ కేంద్రానికి జీఎస్‌టీ నంబరు ఉంటే, చెప్పిన రేటు పన్ను కలిపి చెప్పారో కాకుండా చెప్పారో అడగండి. 18 శాతం పన్ను విడిగా వేస్తే 8,640 రూపాయలు పెరిగి 56,640 అవుతుంది.

దీన్ని కార్డు మీద పెడితే ఎంతవుతుందో చూద్దాం. 48 వేలకు ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 4,355 రూపాయల చొప్పున 12 వాయిదాలు. వడ్డీ 4,260 దాకా, దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో 767, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు. అంటే 5 వేల పైమాటే. మీకు నెలకు మిగిలే దాంట్లో సగానికి పైగా ఏడాది పాటు ఈ వాయిదాకే పోతుంది. ఒక నెల ఆగిందా, కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం చొప్పున వడ్డీ పడుతుంది. ‘వడ్డీ లేని ఈఎంఐ’ అని ఎవరన్నా నమ్మకండి. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ఫీజులోనో ధరలోనో కలిసిపోయి ఉంటుంది.

చీటీ అయితే ఇంకా నష్టం. 48 వేల కోసం 18 వేలు వదులుకుంటున్నారు. చేతికొచ్చే 82 వేలల్లో జిమ్మీకి పోను మిగిలిన 34 వేలు అమ్మాయి ఫీజు దాకా అలాగే ఉంటాయనుకోవద్దు. ఇంట్లో చేతికందేలా ఉన్న డబ్బుకి ఏదో ఒక అవసరం వచ్చి పడుతుంది. ప్రభుత్వోద్యోగి జీతంతో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు కాబట్టి కాలేజీ ఫీజు, హాస్టల్, పుస్తకాలు మొత్తం మీవే. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చి ఎంత కట్టాలో తేలాక అప్పుడు పాడండి. చీటీ చివరికొచ్చే కొద్దీ పాటలో వదులుకునేది కూడా సాధారణంగా తగ్గుతుంది.

మీవారి హాస్టల్ పోలిక గురించి ఒక మాట. హాస్టల్లో చదివిన పిల్లాడు పరీక్ష ఎక్కడో సెంటర్లో రాస్తాడు. జిమ్మీ పరీక్ష మీ గుమ్మం దగ్గరే. ఒకచోట ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది ఇంకోచోట ఇంకో మనిషి దగ్గర అదే పనిగా చేయడం కుక్కలకి తేలిక కాదు. శిక్షకుడు ‘కూర్చో’ అంటే కూర్చుంటుంది. మీ అబ్బాయి బడి నుంచి వచ్చి, బ్యాగు కింద పడేసి, ‘జిమ్మీ!’ అని అరిస్తే ఎగురుతుంది. ఎందుకంటే ఆ అరుపుకి ఎగరడమే అది ఇన్నాళ్లూ నేర్చుకుంది. అందుకే మంచి కేంద్రాలు కుక్కని అప్పగించేటప్పుడు ఇంట్లోవాళ్లకి కూడా పాఠాలు చెబుతాయి. ఆ పాఠాలు ఎలాగూ మీరే నేర్చుకోవాలంటే, మొదటి రోజు నుంచీ మీ ఇంట్లోనే నేర్చుకోవడం చవక.

ఇంటికొచ్చే అతను చేయాల్సిన పని ఇలా ఉండాలి. జిమ్మీ మెడకి తాడు ఉంటుంది. ఎవరో ఒకరు గేటు తీసి లోపలికొస్తారు. అది ఎగిరితే ఎవరూ అరవరు, తొయ్యరు, దాని ముఖం వైపు కూడా చూడరు, వెనక్కి తిరిగి నిలబడతారు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలో చిన్న ఉడికిన గుడ్డు ముక్క. ఇలా రోజుకి పదిసార్లు. తర్వాత అదే పని మీ అత్తగారు గ్రిల్ అవతల కుర్చీలో కూర్చుని చేయాలి. తనని పడేసిన కుక్క తన చేతి ముక్క కోసం కింద కూర్చుంటుంటే ఆవిడ భయం కూడా తగ్గుతుంది. ‘కొట్టి దారిలో పెడతా’ అన్నా, ముళ్ల పట్టీ, కరెంటు పట్టీ బయటికి తీసినా అతన్ని మానిపించేయండి. బహుమతితో నేర్పే పద్ధతే అన్ని కుక్కలకీ వాడాలని జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో స్పష్టంగా ప్రకటించింది. మన దేశంలో కుక్కల శిక్షకుడికి ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి చూసుకోవాల్సింది మీరే.

గిన్నె దగ్గర గుర్రుమనడం మాత్రం ఎగరడం లాంటిది కాదు. ఎగరడం అల్లరి. గుర్రుమనడం ‘నా దగ్గరికి రావద్దు’ అని హెచ్చరించడం. దానికి తిడితే, కొడితే గుర్రు ఆగిపోతుంది కానీ భయం పోదు. తర్వాత హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. నొప్పి, చెవి పోటు, కడుపులో పురుగులు ఉన్నా కుక్కలు చిరాగ్గా ఉంటాయి. కాబట్టి శిక్షకుడి కన్నా ముందు పశువైద్యుడికి చూపించండి. పట్టణంలోని ప్రభుత్వ పశువైద్యశాలకైనా, గరివిడి పశువైద్య కళాశాలకైనా తీసుకెళ్లవచ్చు. ఈలోగా అది తినేటప్పుడు ఎవరూ దగ్గరికి పోకూడదు. ముఖ్యంగా అబ్బాయికి ఈ మాట గట్టిగా చెప్పండి. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. కరిచిన మనిషి వైద్యం ఖర్చు వేరే. పెంపుడు కుక్కల బీమా పాలసీలు కొన్నిటిలో ఇలా బయటివాళ్లకి జరిగే నష్టానికి కూడా కవర్ ఉంటుంది. ప్రీమియం ఒక్కటే చూడకుండా ఆ కవర్ ఉందో లేదో చదివి తీసుకోండి.

డబ్బు ఇలా సర్దుకోవచ్చు. గ్రిల్‌కీ, డాక్టర్‌కీ కలిపి 7 వేల దాకా బ్యాంకులో ఉన్న 55 వేలల్లోంచి తీయండి. కదపడం ఇష్టం లేదన్నారు. నిజానికి మీ ఇంటికి ఆ నిధి ఇంకా పెద్దదిగా ఉండాలి, కనీసం మూడు నెలల ఖర్చుకి సరిపడా. కానీ పెద్దావిడ పడిపోకుండా చూడటం అత్యవసరం కాకపోతే ఇంకేది అత్యవసరం? మొదటి నెల శిక్షకుడి 8 వేలు ఆ నెల మిగులులోంచే వస్తాయి. రెండో నెల నుంచి వారానికి ఒక్క రోజు వచ్చి చూస్తే చాలు, మిగతా రోజులు మేము చేస్తాం అని అతనితో బేరమాడండి. ఒప్పుకుని సగం రేటుకి వస్తే మూడు నెలలకి 16 వేలు. ఒప్పుకోక పూర్తిగా ఇచ్చినా 24 వేలు. ఎటు చూసినా గ్రిల్, డాక్టర్ కలుపుకుని 23 నుంచి 31 వేల లోపు, అదీ అప్పు లేకుండా. ఇప్పుడు మొదలుపెడితే మీరన్న అమ్మవారి పండక్కి, అంటే సిరిమాను సంబరానికి మూడు నెలలకు పైగా టైముంది. అయినా పండగ రోజున పాతికమంది చుట్టాల మధ్య 14 నెలల లాబ్రడార్‌ని వదలొద్దు. ఎంత నేర్చుకున్నా ఆ రోజు దానికి వెనక గదిలో ఫ్యాను, నీళ్లు, కొరుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

పంపడమే సరైన సందర్భాలు కూడా ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ పడి రెండు నెలలు కుక్కని చూసే మనిషే లేకపోతే, వట్టిగా ఉంచడానికే రోజుకింత ఇవ్వాలి కదా. అప్పుడు ఆ డబ్బుకి శిక్షణ కలిసొస్తుంది. అలాగే మూడు నెలలు మీరంతా నిజంగా చేసి, శిక్షకుడు చేతులెత్తేస్తే, అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. ఏ సందర్భంలో పంపినా ముందు చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడండి. రేకుల షెడ్డు కింద కుక్కలు రొప్పుతూ ఉన్నాయా, గాలి ఆడుతోందా, నీళ్ల గిన్నెలు నిండుగా ఉన్నాయా? ‘రెండు నెలల దాకా చూడ్డానికి రాకూడదు’ అనేవాళ్లకి ఇవ్వనే వద్దు. డబ్బు మొత్తం ముందే కట్టకండి, సగం చేర్చినప్పుడు, సగం మీ ఇంట్లో మీ ఎదుట చేయించి చూపించాక. జబ్బు చేస్తే ఏ డాక్టర్‌కి చూపిస్తారు, ఖర్చు ఎవరిది, మధ్యలో తెచ్చేసుకుంటే ఎంత వాపసు ఇస్తారు అనేవి కాగితం మీద రాయించుకోండి. బిల్లు తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వివాదానికి ఫిర్యాదు ఫీజు కూడా లేదు. కాగితం, బిల్లు లేకపోతే ఇవేవీ అక్కరకు రావు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. లాబ్రడార్ 10, 12 ఏళ్లు బతుకుతుంది. మీ నెల ఖర్చుల్లో జిమ్మీ పేరు ఎక్కడా విడిగా లేదు. అన్నం, చికెన్, టీకాలు, గోమార్ల మందు అన్నీ ఇంటి ఖర్చులో కలిసిపోయి ఉంటాయి. ఒక నెల పాటు దాని ఖర్చంతా వేరే పుస్తకంలో రాయండి. తర్వాత శిక్షకుడి 8 వేలు తగ్గే నెల నుంచి వెయ్యి రూపాయల రికరింగ్ డిపాజిట్ జిమ్మీ పేరు చెప్పుకుని మొదలుపెట్టండి. ఏడాదికి 12 వేలు, వడ్డీ అదనం. ఏ అర్ధరాత్రో ఏదో మింగేసి ఆపరేషన్ దాకా వస్తే చీటీ వైపు చూడక్కర్లేకుండా ఉంటుంది.

గ్రిల్‌కి గడియ మాత్రం బయటివైపు పైన, మీ అత్తగారి చేతికి అందే ఎత్తులో పెట్టించండి. వంగి తీయాల్సి వస్తే ఆవిడ దాన్ని తెరిచే వదిలేస్తారు.