పందెం పావురం రెండు రోజులుగా ఆకుపచ్చగా, నీళ్లగా రెట్ట వేస్తోంది; ఏ మందు వేయాలి?

మందు కంటే ముందు రెట్టను చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పావురం రెట్ట గట్టి ఉండలా, పైన సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. దూరం ఎగిరి వచ్చి నీళ్లు ఎక్కువగా తాగినప్పుడు పలచబడినా త్వరగానే సర్దుకుంటుంది. ముదురు ఆకుపచ్చ రంగు మాత్రం చాలాసార్లు పక్షి తిండి మానేసిందనడానికి గుర్తు. నులిపురుగులు, కాక్సిడియా (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి), సాల్మొనెల్లా (ఒక బ్యాక్టీరియా) వంటి వేర్వేరు కారణాలకు మందులూ వేర్వేరు కనుక, ఊహించి యాంటీబయాటిక్ వేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. పావురాన్ని వెంటనే విడి గూట్లో ఉంచి, కింద తెల్ల కాగితం పరిచి, ఉదయపు తాజా రెట్టను హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు గానీ, దగ్గరి పశువైద్యశాలకు గానీ తీసుకువెళ్లి సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించండి. మెడ మెలితిరుగుతుంటే నరాలను దెబ్బతీసే పారామిక్సో వైరస్ అయ్యుండవచ్చు, అదే రోజు వైద్యుడికి చూపించండి.