ముగింపు తెలిసిన కథకి టెన్షన్ ఏంటి?

ప్ర: 'ది హంట్' సిరీస్ చూడమని మా అబ్బాయి ఒకటే పోరు. రాజీవ్ గాంధీ హత్య, దర్యాప్తు అన్నీ అప్పుడు పేపర్లో చదివినవే కదా. మళ్లీ ఏడు భాగాలు కూర్చుని చూడటానికి ఏముందండీ?
- ఓ పాఠకురాలు, అనకాపల్లి

జ: అమ్మా, తెలిసినవాళ్లకే టెన్షన్ ఎక్కువ. 1991 మే 21న నేను విశాఖలో ఓ దినపత్రికలో సబ్ ఎడిటర్ని. ఆ రోజు రాజీవ్ ప్రచారం మన విశాఖలోనే. విమానంలో లోపం వచ్చి మద్రాసు ప్రయాణం ఆగిపోయేలా కనిపించింది. రిపేరయిందనగానే బయల్దేరారు. కాకపోతే... అని అనుకోని విశాఖవాడు లేడు.

విశాఖ సభ వార్తతో మొదటి పేజీ పేస్టింగ్ అయిపోయాక టెలిప్రింటర్ మోగింది. పేజీ మొత్తం పీకేశాం. ఆ కంగారులో లోపలి పేజీ ఎవరికీ గుర్తు లేదు. రాజీవ్ తర్వాతి సభల వివరాలు అలాగే అచ్చయిపోయాయి. ఆ పేజీ నాదే.

ఇక సిరీస్ సంగతి. మన హైదరాబాద్‌లో పుట్టిన నగేశ్ కుకునూర్ తీశారు. 2025 జులైలో సోనీ లివ్‌లో వచ్చింది. ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) అధిపతి డి.ఆర్. కార్తికేయన్‌గా అమిత్ సియాల్ వేశాడు. అరుపులూ ఛాతీ విరవడాలూ లేవు, బతికించాడు! అసలు కేసంతా ఓ కెమెరా చుట్టూ తిరుగుతుంది. మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌ను బలిగొన్న పేలుడులో ఫొటోగ్రాఫర్ హరిబాబు పోయాడు, కెమెరా చెక్కుచెదరలేదు. రీలు కడిగిస్తే దండ పట్టుకుని నిలబడ్డ మానవబాంబు థాను, పక్కనే విలేకరిలా నోట్‌బుక్‌తో కుట్ర నడిపిన శివరాసన్! చివరికి బెంగళూరు శివార్లలో కోననకుంటె. శివరాసన్ ముఠా దాక్కున్న ఇంటిని చుట్టుముట్టి కూడా కమాండోలు కాచుక్కూర్చోవడం తలుచుకుంటే నాకిప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. లోపలికి వెళ్లేసరికి ఏడు శవాలు. ఆ రోజు ఆగస్టు 20, రాజీవ్ పుట్టినరోజు.

చూసేముందు మీ అబ్బాయికి 1987లో మన శాంతి సేన శ్రీలంక ఎందుకు వెళ్లిందో, అక్కడ ఈ హత్య చేయించిన తమిళ పులులతో (ఎల్టీటీఈ) ఎలా చెడిందో చెప్పండి. అది తెలియకపోతే ఈ పగ ఎక్కణ్నుంచి వచ్చిందో అంతుపట్టదు.

ప్ర: దోషులు ఇంకా జైల్లోనే ఉన్నారా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జ: లేరు. 1998లో ప్రత్యేక కోర్టు 26 మందికి ఉరిశిక్ష వేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు 19 మందిని వదిలేసింది. మిగిలిన ఏడుగురిలో పేరరివాళన్ 2022 మేలో, మిగతా ఆరుగురూ అదే ఏడాది నవంబరులో బయటికొచ్చారు.